గాలిదొప్ప: లంగరు వేసిన పడవలో నిద్ర పట్టించిన నైలాన్ గుడ్డ

విండ్ స్కూప్ అనే ఈ వస్తువును రెండు వేసవులు పూర్తిగా వాడాను, ఇప్పుడు మూడోది నడుస్తోంది. పడవ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. చూడటానికి పిల్లల తెరచాపలా ఉంటుంది. పలుచని నైలాన్ గుడ్డ, అడుగున వెడల్పుగా ఒక కర్ర, పైన సన్నగా ఒక కొక్కెం, అంతే. పడవ ముందు భాగంలో గది పైకప్పుకు ఉండే హ్యాచ్ తలుపు తెరిచి, గుడ్డ అడుగు భాగాన్ని అందులోకి దించి, పై కొసను తెరచాప మోకుతో పైకి లాగి కట్టాలి. ఎదురుగా వచ్చే గాలిని పట్టుకుని గదిలోకి వంచుతుంది. నేను 70 డాలర్లకు కొన్నాను. మా అమ్మ దీనికి గాలిదొప్ప అని పేరు పెట్టింది. ఇంట్లో అందరం అదే పేరుతో పిలుస్తాం.

మా పడవ 1985లో తయారైన క్యాటలినా 30 అనే తెరచాప పడవ. పొడవు 30 అడుగులు. అమెరికాలో హ్యూస్టన్ దగ్గర కీమాలో ఉంటుంది. ఇక్కడి వేసవి గురించి కాకినాడ, మచిలీపట్నం వాళ్ళకు పెద్దగా చెప్పనక్కర్లేదు. ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. చల్లటి సముద్రాల్లో తిరిగే పడవలకు నీళ్ళలో మునిగిన అడుగు భాగమే గదిని చల్లగా ఉంచుతుంది. మేం తిరిగే గాల్వెస్టన్ బే అనే అఖాతం లోతు తక్కువ, సగటున రెండు మూడు మీటర్లే. అందువల్ల ఆగస్టులో ఆ నీళ్ళే 30 డిగ్రీలు దాటి వెచ్చబడతాయి. పైన ఎండ, కింద వేడినీళ్ళు, మధ్యలో ఫైబర్‌గ్లాస్ డబ్బా. మొదటి ఏడాది జులైలో ఒక సాయంత్రం తలుపు తీసి చూస్తే లోపలి థర్మామీటరు 41 డిగ్రీలు చూపించింది.

ఏసీ పెట్టుకోకూడదా అని అందరూ అడుగుతారు. మరీనాలో, అంటే పడవలు కట్టి ఉంచే రేవులో, కరెంటు ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టుకోవచ్చు. నేను పడవ కొన్నది మరీనాలో పడుకోవడానికి కాదు. శనివారం సాయంత్రం ఆ బేలోని రెడ్‌ఫిష్ ద్వీపం చాటున లంగరు వేసి, ఆదివారం పొద్దున్న కాఫీ అక్కడే తాగాలన్నది నా కోరిక. అక్కడ ఉన్నది బ్యాటరీ ఒక్కటే. చిన్న కిటికీ ఏసీ 500 వాట్లు లాగితే, నా 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు గంటల్లో ఖాళీ. జనరేటరు పెడితే ఆ చప్పుడు, ఆ పొగ. ఆ మాత్రానికి లంగరు దాకా వెళ్ళడం ఎందుకు?

మొదట నాకు తోచింది వట్టివేళ్ళు. మా తాతగారి ఇంట్లో మే నెల మధ్యాహ్నాలు గుమ్మానికి వట్టివేళ్ళ తడిక కట్టి, గంటకొకసారి చెంబుతో నీళ్ళు చల్లేవారు. అమ్మ ఇక్కడికి వచ్చేటప్పుడు రెండు కట్టలు తెప్పించుకుని, అల్లి, తడిపి, హ్యాచ్ కింద వేలాడదీశాను. వాసన మాత్రం ప్రాణం లేచి వచ్చినంత బాగుంది. గది ఇంకా ఉక్కగా తయారైంది. పొడి వేడి ఉన్న అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో అయితే నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తుంది. ఇక్కడి గాలి అప్పటికే తేమతో నిండిపోయి ఉంటుంది, మరి కాస్త తేమను ఎక్కడ పట్టుకుంటుంది? తడికను విప్పేసి, ఆ వేళ్ళను మంచినీళ్ళ కుండలో వేశాం.

అప్పుడే గాలిదొప్ప కొన్నాను. అది ఎలా పనిచేస్తుందో కంటితో చూడాలని, లంగరు వేసిన మొదటి సాయంత్రమే అగరుబత్తి వెలిగించి గదిలో చేతపట్టుకుని తిరిగాను. హ్యాచ్ కింద పెడితే పొగ నిలబడలేదు. ఎవరో తరిమినట్టు ఒక్క ఊపున వెనక్కి, బల్ల మీదుగా, వంట గట్టు పక్కనుంచి, వెనుక ఉన్న మెట్ల గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయింది. నాకు గాలి బొమ్మ గీసి చూపించినట్టయింది. తర్వాత మెట్ల గుమ్మం చెక్కలు మూసి చూశాను. పైన గుడ్డ బాగా ఉబ్బింది, కింద పొగ మాత్రం దారం లాగా నిటారుగా లేచింది. వెళ్ళే దారి లేకపోతే వచ్చే గాలి ఎంత ఉన్నా లోపలికి రాదన్నమాట. కొన్నవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే. దొంగల భయంతోనో దోమల భయంతోనో వెనుక గుమ్మం మూసేసి, గుడ్డ పనికిరాదని పక్కన పడేస్తారు.

లంగరు వేసిన పడవలో ఇది ఇంత బాగా పనిచేయడానికి కారణం ఉంది. లంగరు తాడు ముందు భాగానికే కట్టి ఉంటుంది. అణియం అంటారు మా గోదావరి పడవల వాళ్ళు. గాలి ఎటు తిరిగితే పడవ అటు తిరిగి, అణియం దాదాపు ఎప్పుడూ గాలికి ఎదురుగానే నిలుస్తుంది. దొప్ప నోరు కూడా గాలికి ఎదురుగానే ఉంటుంది. రాత్రంతా మనం ముట్టుకోనక్కర్లేదు. అదే మరీనాలో నాలుగు తాళ్ళతో కట్టేసిన పడవ ఎటూ తిరగలేదు. మా స్థలంలో అణియం ఉత్తరానికి ఉంటుంది, ఇక్కడ వేసవి గాలి దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి వస్తుంది. వెనుక నుంచి గాలి తగిలి గుడ్డ చప్పబడి, తడి చీరలా హ్యాచ్ మీద వాలిపోయింది. అగరుబత్తి పొగ వెనుక నుంచి ముందుకు, పొయ్యి వేడిని మోసుకుంటూ పడక మీదికి వచ్చింది. పడవను మరీనాలోనే ఉంచేవారు ఈ రకం కొనవద్దు. నాలుగు వైపులా నోళ్ళు ఉన్న రకం విడిగా దొరుకుతుంది, అది తీసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముందు నీడ, తర్వాతే గాలి. బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) మీదుగా తెల్లటి గుడ్డ పందిరి వేయకుండా గాలిదొప్ప ఒక్కటే కడితే, కాలిన పైకప్పు రాత్రి పది దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. పందిరి వేసిన అరగంటకు, అంతకుముందు చేయి పెట్టలేని డెక్ మీద చెప్పులు లేకుండా నడిచాం. నీడ, దొప్ప రెండూ ఉన్న సాయంత్రం, బయట 32 డిగ్రీలు ఉంటే లోపల 33 ఉంది. బయటి గాలి కంటే చల్లగా ఇది ఎప్పటికీ చేయలేదు, చేస్తుందని ఎవరైనా అమ్మితే నమ్మకండి. చెమట పట్టిన ఒంటి మీద గాలి ఆడితే 33 డిగ్రీలు మనిషికి భరించగలిగినవే.

పోయిన ఏడాది జులైలో అమ్మను తీసుకెళ్ళాం. ఆమెకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఓడల దారిలో పెద్ద నౌక పోయినప్పుడల్లా పడవ ఊగుతుంటే భయంతో గుండె మీద చేయి వేసుకుంది. చీకటి పడ్డాక ముందు పడక మీద, సరిగ్గా హ్యాచ్ కింద పడుకోబెట్టాను. కాసేపటికి చెంపల మీద తెల్లవెంట్రుకలు ఎగురుతున్నాయి. కళ్ళు తెరవకుండానే, "నాన్నా, ఇది పైరగాలి కదూ" అంది. మా ఊళ్ళో వేసవి సాయంత్రాలు దక్షిణం నుంచి వచ్చే గాలిని అలా అంటారు. ఆ మాట నేను విని ఇరవై ఏళ్ళు దాటింది. ఆమె తెల్లవారి ఆరింటి దాకా లేవలేదు.

ఇక లోపాలు. వాన వస్తే గాలిదొప్ప గరాటు అయిపోతుంది. ఒకరోజు రాత్రి రెండింటికి ఉరుముల వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. నేను లేచి మోకు విప్పేలోపు పరుపు, దిండ్లు, నా భార్య ఫోను తడిసిపోయాయి. హ్యాచ్ మూయాలంటే గుడ్డను పూర్తిగా బయటికి లాగాలి, చీకట్లో అది చిన్న పని కాదు. అప్పటినుంచి దూరంగా మెరుపు కనిపించినా దించేస్తున్నాను. పై మోకును ఒక్క లాగుకు ఊడే ముడి వేసి, కొసను పడక మీది నుంచి చేతికందేలా పెట్టుకున్నాను. గాలి బలంగా ఉన్న రాత్రి గుడ్డ పటపటలాడుతుంది, తేలిక నిద్ర వాళ్ళకు కష్టం. హ్యాచ్ కింద దోమతెర కడితే గాలి సగం చచ్చిపోతుంది. తెరను వెనుక గుమ్మానికి మాత్రమే కట్టుకుంటాం. లంగరు చోట గాలి ఉన్నంతసేపు ముందు నుంచి దోమ రాలేదు. గాలి పడిపోతే మాత్రం హ్యాచ్‌కు కూడా కట్టక తప్పదు.

గాలి పూర్తిగా పడిపోయే రాత్రులు ఆగస్టులో ఉంటాయి. అప్పుడు ఇది ఉట్టి గుడ్డే. అందుకని వెనుక మూల పడక దగ్గర, అగరుబత్తి పొగ సుడి తిరిగి నిలిచిపోయిన చోట, 12 వోల్టుల చిన్న ఫ్యాను బిగించాను. మీటరు పెట్టి చూస్తే ఆంపియర్‌లో మూడో వంతు తీసుకుంటోంది. ఎనిమిది గంటలు తిరిగినా మూడు ఆంపియర్ అవర్లు కూడా కాదు. మా అబ్బాయి అక్కడే పడుకుంటాడు.

రెండో వేసవి చివర పై కొక్కెం దగ్గర కుట్టు పిగిలింది. ఎండకు దారం పిండిలా రాలిపోయింది, గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. తెరచాపలు కుట్టే పాలియెస్టర్ దారంతో, తోలు ముక్క అడ్డం పెట్టి, రెండు వరుసలు నేనే కుట్టాను. వాడనప్పుడు నీడలో మడిచి పెడుతున్నాను. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గిన ఒకటి ఆ దారానికీ, ఆ వాన రాత్రికీ. అమ్మ ఈ జులైలో మళ్ళీ వస్తోంది, ముందు పడక తనకే కావాలని ఫోనులో ఇప్పటికే చెప్పింది.