అమెరికాలో ఇంటి లోన్: ఎఫ్‌హెచ్‌ఏ మేలా, వీఏ మేలా?

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్ళు ముందుగా అడిగేది వడ్డీ రేటు. నేనైతే అప్పు మీద పడే ఇన్సూరెన్స్ సంగతి ముందు అడగమంటాను. తేడా అంతా అక్కడే ఉంది.

1930లకు ముందు అక్కడ ఇంటి అప్పంటే సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళ గడువు. ఇంటి ధరలో సగం దాకా చేతిలో ఉండాలి. గడువు తీరాక మిగిలిన అసలు ఒక్కసారే కట్టాలి, లేదంటే మళ్ళీ కొత్త అప్పు పుట్టాలి. మహా మాంద్యంలో ఆ కొత్త అప్పు పుట్టలేదు, ఇళ్ళు వేలానికి వచ్చాయి. 1934లో రూజ్వెల్ట్ సర్కారు తెచ్చిన జాతీయ గృహ చట్టంతో ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్) అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఇది అప్పివ్వదు, కొనేవాడు కట్టలేకపోతే బ్యాంకు నష్టపోకుండా, బ్యాంకిచ్చిన అప్పుకు బీమా చేస్తుంది. ప్రీమియం మాత్రం కొనేవాడి జేబులోంచే! సైనికుల కోసం 1944లో తెచ్చిన జీఐ బిల్లు అనే చట్టంతో వీఏ (వెటరన్స్ అఫైర్స్, అంటే మాజీ సైనికుల శాఖ) లోన్ వచ్చింది. ఇందులో మాజీ సైనికుడి తరఫున ప్రభుత్వమే బ్యాంకుకు హామీ ఉంటుంది.

3 లక్షల డాలర్ల ఇల్లు అనుకుందాం. ఎఫ్‌హెచ్‌ఏలో క్రెడిట్ స్కోరు 580 ఉంటే డౌన్ పేమెంట్ 3.5 శాతం, అంటే 10,500. మిగతా 2,89,500 మీద ముందస్తు ప్రీమియం 1.75 శాతం, సుమారు 5,066. దీన్ని అప్పులోనే కలిపేస్తారు. ఆపైన ఏడాదికి 0.55 శాతం, నెలకు 130 డాలర్ల చిల్లర. డౌన్ పేమెంట్ 10 శాతం లోపైతే ఈ నెలవారీ కోత లోన్ తీరేదాకా వదలదు. వీఏలో డౌన్ పేమెంట్ సున్నా, నెలవారీ బీమా లేదు. మొదటిసారి వాడుకుంటే ఒక్కసారి కట్టే ఫీజు 2.15 శాతం, 6,450 డాలర్లు. డ్యూటీలో గాయపడి పరిహారం అందుకుంటున్నవాళ్ళకు అదీ ఉండదు. అర్హత ఉంటే వీఏ వదులుకోవడం తెలివితక్కువ పని.

అయితే హామీ సర్కారుదే అయినా, అప్పిచ్చే చెయ్యి ఊళ్ళో బ్యాంకుది. 1947లో మిసిసిపీలోని 13 పట్టణాల్లో వీఏ హామీతో ఇచ్చిన 3,229 లోన్లలో నల్లజాతి మాజీ సైనికులకు దక్కినవి రెండంటే రెండు. ఎఫ్‌హెచ్‌ఏ ఇంకా ఘోరం, నల్లవాళ్ళుండే పేటలకు బీమా చేయొద్దన్న ధోరణి దాని సొంత నిబంధనల్లోనే ఉండేది. ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు.

ఇక హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్ళ సంగతి. 2025 మే 25 నుంచి వాళ్ళకు కొత్తగా ఎఫ్‌హెచ్‌ఏ ఇవ్వడం లేదు. వీఏ ఎలాగూ సైన్యంలో చేసినవాళ్ళకే. మిగిలింది కన్వెన్షనల్ లోన్, అంటే సర్కారు బీమా గానీ హామీ గానీ లేని మామూలు లోన్. స్కోరు బాగుంటే నన్నడిగితే ఎఫ్‌హెచ్‌ఏ కంటే ఇదే నయం. ఇందులోనూ 20 శాతం కన్నా తక్కువ కడితే ప్రైవేటు బీమా పడుతుంది గానీ, బాకీ ఇంటి కొన్న ధరలో 80 శాతానికి దిగాక తీసెయ్యమని అడగొచ్చు. కిస్తీలు సరిగ్గా కడుతూ ఉంటే, 78కి చేరే నాటికి బ్యాంకే తీసెయ్యాలని 1998 చట్టం చెబుతోంది.