ఇంట్లో చేసుకునే డీఎన్ఏ టెస్ట్ కిట్: ఐదుకి రెండు

ఇంటికి తెప్పించుకుని చేసుకునే డీఎన్ఏ టెస్ట్ కిట్ వాడి మూడు నెలలైంది. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పబోయేది ఈ తరహా సర్వీసులు చాలావాటికి వర్తిస్తుంది కాబట్టి.

ముందు బాగున్నవి చెప్తాను. కిట్ వాడటం చాలా తేలిక. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా ఉండి, ట్యూబులో గీత దాకా ఉమ్మి, మూత బిగిస్తే అందులో ఉన్న ద్రవం కిందికి దిగి కలుస్తుంది, దాన్ని కవర్లో పెట్టి పంపేయడమే. ఐదు వారాల్లో రిపోర్టు వచ్చింది. పూర్వీకులు ఏ ప్రాంతాల వాళ్లు, పాలు పడతాయా పడవా, కొన్ని జబ్బుల రిస్కు ఎంత, అన్నీ చూడగానే అర్థమయ్యేలా ఉన్నాయి. ఇంతవరకే అయితే ఐదుకి నాలుగు ఇచ్చేదాన్ని.

సంబరపడి ఆ రిపోర్టు మా తమ్ముడికి పంపాను. వాడు ఫోన్ చేసి, "అక్కా, అందులో సగం నాది కూడా కదా, పంపే ముందు నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తోడబుట్టినవాళ్ల డీఎన్ఏ సగటున సగం కలుస్తుంది, నాకు ఫలానా జబ్బు రిస్కు ఉందని రాశారంటే వాడికీ ఉండొచ్చని రాసినట్టే. వాడికి అది తెలుసుకోవాలని లేదు. కన్సెంట్ ఫారం మీద ఉన్నది మాత్రం నా ఒక్కదాని సంతకం.

అప్పుడు కూర్చుని ఆ ఫారం మొత్తం చదివాను. రీసెర్చికి వాడుకోవచ్చని ఒక టిక్కు, శాంపిల్ దాచుకోవచ్చని ఒకటి, బంధువులను వెతికిపెట్టమని ఇంకొకటి, మూడూ నేనే పెట్టాను. కంపెనీ చేతులు మారితే డేటా కొత్త యజమానికి వెళ్తుందని, కోర్టు ఆర్డరు వస్తే పోలీసులకు ఇవ్వాల్సి వస్తుందని కూడా ఉంది. చదివాక నిజంగా టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ఇవన్నీ బయట జరిగినవే. 2023లో ఇలాంటి కిట్లే అమ్మే 23అండ్‌మీ అనే అమెరికా కంపెనీ విషయంలో హ్యాకర్లు నేరుగా దూరింది దాదాపు 14 వేల అకౌంట్లలోకే, అదీ వేరేచోట లీకైన పాస్‌వర్డులు వాడి. కానీ ఆ అకౌంట్లలోంచి బంధువుల జాబితాలు కనిపిస్తాయి కాబట్టి మొత్తం దాదాపు 69 లక్షల మంది వివరాలు పోయాయి. తమ పాస్‌వర్డు భద్రంగా ఉంచుకున్నవాళ్లవి కూడా పోయాయి, చుట్టాల్లో ఒకరు అజాగ్రత్తగా ఉన్నందుకు. అదే కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేస్తే, కోటిన్నర మంది డీఎన్ఏ వివరాలు అమ్మకానికి వచ్చే ఆస్తిలో భాగమయ్యాయి.

ప్రభుత్వం దేశం మొత్తానికి డీఎన్ఏ డేటాబేస్ పెడతానంటే జనం గొడవ చేస్తారు, చేయాలి కూడా. కువైట్ 2015లో పౌరులతో పాటు ఆ దేశానికి వచ్చేవాళ్లు కూడా డీఎన్ఏ ఇవ్వాల్సిందేనని చట్టం చేస్తే 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. బ్రిటన్‌లో 1995లో మొదలైన పోలీసు డీఎన్ఏ డేటాబేస్‌లో, నిర్దోషిగా బయటపడిన 11 ఏళ్ల పిల్లాడి వివరాలు కూడా తీసేయకుండా ఉంచుకుంటే, అది తప్పని 2008లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 2012 చట్టంతో అమాయకులవి, పిల్లలవి పది లక్షలకు పైగా ప్రొఫైళ్లు తీసేశారు. తీసుకున్న శాంపిల్‌ని మామూలుగా ఆరు నెలల్లోగా నాశనం చేయాలని కూడా అందులో ఉంది. నా ఉమ్మి ఎన్నాళ్లు ఉంటుందని కంపెనీని అడిగితే ఏళ్ల లెక్క చెప్పారు. ఇంకో తేడా ఉంది. అమెరికా పోలీసుల జాతీయ డేటాబేస్‌కి ప్రధానంగా తీసుకునేది డీఎన్ఏలో 20 చోట్ల కొలతలు, మనిషిని గుర్తుపట్టడానికి ఎంచుకున్నవి. నేను డౌన్‌లోడ్ చేసుకున్న ఫైల్లో ఆరు లక్షలకు పైగా చోట్ల వివరాలున్నాయి, జబ్బుల సంగతులతో సహా. పోలీసులకు ఇవ్వడానికి భయపడేదానికంటే చాలా ఎక్కువ నేను నా చేత్తో పోస్టు చేశాను.

పైగా ఇలాంటి డేటాబేస్‌లు పనిచేయడానికి దేశమంతా ఉమ్మక్కర్లేదు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఒక జనాభాలో నూటికి ఇద్దరి డీఎన్ఏ ఉంటే చాలు, మిగతావాళ్లలో దాదాపు ఎవరిదైనా మూడో తరం కజిన్ స్థాయి బంధువు, అంటే తాతకి తాత ఒకరే అయినంత దూరపు చుట్టం, అందులో దొరుకుతారు. అక్కణ్ణుంచి వంశవృక్షం గీసుకుంటూ అసలు మనిషి దాకా రావచ్చు. అదే ఏడాది అమెరికాలో వరుస హత్యలు చేసి గోల్డెన్ స్టేట్ కిల్లర్‌గా పేరుపడ్డ జోసెఫ్ డిఏంజెలోని అలాగే దూరపు చుట్టాల డీఎన్ఏతో పట్టుకున్నారు. అంత ఘోరాలు చేసినవాడు దొరికినందుకు నాకు సంతోషమే, బాధితుల ఇళ్లలో వాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశారో. కానీ అంతకుముందు 2014లో ఇంకొకాయన విషయం చూడండి. వాళ్ల నాన్న ఎన్నో ఏళ్ల క్రితం ఒక వంశ పరిశోధనకు ఇచ్చిన శాంపిల్ కొంత కలిసిందని పోలీసులు కొడుకుని హత్యకేసులో అనుమానించి డీఎన్ఏ తీసుకున్నారు. ఆయనది కాదని తేలడానికి దాదాపు నెల పట్టింది. ఆ నెల రోజులు ఆయన ఎలా గడిపారో ఊహించలేను.

తమ్ముడు అడిగిన ప్రశ్నకి నాకు దొరికిన మంచి జవాబు ఐస్‌లాండ్‌ది. అక్కడ 1998లో జనం ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట చేర్చే చట్టం చేశారు. చనిపోయిన తన తండ్రి రికార్డులు అందులో పెట్టొద్దని ఒక కూతురు కోర్టుకెళ్లింది, ఆయన వివరాల నుంచి తన సంగతులు కూడా తెలిసిపోతాయని. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఆ అమ్మాయి మాటే ఒప్పుకుంది. ఆ డేటాబేస్ చివరికి రానేలేదు. అంటే మా తమ్ముడు అడిగింది న్యాయమైనదే.

సరే, అకౌంట్ తీసేయమన్నాను. బటన్ సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉంది, దొరకడానికి పావుగంట పట్టింది. నొక్కాక కూడా పూర్తిగా పోదని అప్పుడు తెలిసింది. ఇప్పటికే రీసెర్చిలో వాడేసినది వెనక్కి రాదట, ల్యాబు తన నిబంధనల కోసం కొంత రికార్డు ఉంచుకుంటుందట. టిక్కు పెట్టేటప్పుడు ఇదంతా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో చెప్పొచ్చు కదా?

రెండు స్టార్లు ల్యాబు పనికి, రిపోర్టుకి. మిగతా మూడు కోసేసింది కన్సెంట్ ఫారానికి, తీసేయడంలో పెట్టిన ఇబ్బందికి. డాక్టరు అవసరమని రాసిస్తే హాస్పిటల్లో చేయించుకునే జన్యు పరీక్ష వేరు, దాన్ని భయపడి మానుకోవద్దు. సరదాకి తెప్పించుకుని అల్మారాలో పెట్టుకున్న కిట్ ఉంటే మాత్రం పంపకండి. పంపక తప్పదనుకుంటే తోడబుట్టినవాళ్లని, పిల్లలు పెద్దవాళ్లయితే వాళ్లని అడగండి, ఆ మూడు టిక్కులూ ఖాళీగా వదిలేయండి.

శాంపిల్ నాశనం చేసినట్టు రాతపూర్వకంగా చెప్పమని కంపెనీకి మూడోసారి మెయిల్ పెట్టాను. జవాబు రాగానే ఇక్కడ కలుపుతాను.