నరసాపురం లేసు: తిరగేసి చూశాకే కొనండి

నరసాపురం లేసు టేబుల్ క్లాత్ చేతికి రాగానే ముందు బోర్లా తిప్పండి. దాని మంచీ చెడూ అంతా వెనకవైపే ఉంటుంది. పైవైపు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా సర్దినప్పుడు నాసిరకం అల్లిక కూడా ముద్దుగానే కనిపిస్తుంది. వెనకవైపు అలా కాదు. దారం కొసలు ఎక్కడ ముగిశాయి, అతుకు ఎలా పడింది, ముడి వేసి వదిలేశారా లోపలికి కుట్టారా, అన్నీ అక్కడ బయటపడిపోతాయి.

పశ్చిమ గోదావరిలో నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలోనూ, వశిష్ఠ గోదావరి పాయ దాటితే కోనసీమ వైపు రాజోలు ప్రాంతంలోనూ ఈ పని ఇళ్లలోనే జరుగుతుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక ఇది. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక అరుగు మీద నలుగురూ చేరి, ఒళ్లో దారపు ఉండ పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ అల్లుతారు. కొత్త డిజైన్ వచ్చిందంటే ఒక మచ్చుముక్క చేతులు మారుతుంది. దాన్ని చూసి, కుట్లు లెక్కపెట్టి పక్కావిడ ఎత్తేస్తుంది, కాగితం మీద రాసుకునే పని ఉండదు. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నరసాపురం పక్కన రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది. విడిగా పట్టణాల్లోని హస్తకళల దుకాణాల్లోనూ ఆన్‌లైన్లోనూ దొరుకుతుంది.

అసలు సంగతి ఒకటి ముందే తెలియాలి. నరసాపురం లేసు క్రోషా అల్లిక, దాన్ని యంత్రం అల్లలేదు. కొక్కెం ఉన్న ఒంటి సూదితో, ఒక్కో కుట్టూ వేలితో తీసి వేయాల్సిందే. కాబట్టి ‘మెషీన్ క్రోషా’ పేరుతో అమ్మేదేదైనా క్రోషాలా కనిపించే వేరే సరుకు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి, బొమ్మ పెద్దది చేసి చూడండి. చేతి అల్లికలో ప్రతి వరస పైఅంచునా సన్నటి జడ కనిపిస్తుంది. ఒకదాని కడుపులోంచి ఒకటి పుట్టుకొచ్చే ఉచ్చుల వరస అది. యంత్రపు లేసులో ఆ జడ ఉండదు. సన్నటి దారాలు అటూ ఇటూ గజిబిజిగా తిరిగి ఒక ముద్దలా గట్టిపడి ఉంటాయి, అంచున నూగు లేస్తుంది. ఇంకో గుర్తు: చేతి లేసులో రెండు పువ్వులు పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో ఒక చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అచ్చు గుద్దినట్టు అన్నీ ఒకేలా ఉంటే అనుమానించండి.

చిన్న గుండ్రటి మ్యాట్లతో మొదలుపెడితే మంచిది. ఈ లేసులో డబ్బుకు తగ్గ విలువ పూర్తిగా దక్కేది వీటిలోనే. 6 అంగుళాల మ్యాటుకు సాధారణంగా 20 నంబరు నూలు దారం వాడతారు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 నంబరు సంచులకూ లావు టేబుల్ రన్నర్లకూ, 40 నంబరు దిండు గలీబుల అంచులకూ చేతిరుమాళ్లకూ. 20 నంబరుకు దాదాపు 1.25 మి.మీ. సూది, 40కి 1 మి.మీ. సరిపోతుంది. ఇంతకన్నా లావు సూది వాడితే పని త్వరగా తెములుతుంది కానీ కుట్టు వదులైపోతుంది. ఆ వదులును కప్పెట్టేది గంజి. మ్యాటును వేళ్ల మధ్య గట్టిగా నలపండి. తెల్లపొడి రాలి, మ్యాటు ఒక్కసారిగా మెత్తబడిపోతే దాని బిగువంతా గంజిదే అన్నమాట.

గుండ్రటిదాన్ని బల్ల మీద పెట్టి, అరచేత్తో ఒత్తి వదలండి. చదునుగా పడుకోవాలి. మధ్యలో గిన్నెలా లేస్తోందంటే వరస వరసకూ పెంచాల్సినన్ని కుట్లు పెంచలేదు. అంచు అలల్లా లేస్తోందంటే ఎక్కువ పెంచారు. సూదికి ఒకసారి దారం చుట్టి తీసే పొడుగు కుట్లతోనే పూర్తిగా అల్లే గుండ్రానికి లెక్క తేలిక: మొదటి వరసలో 12, రెండో వరసలో 24, మూడో వరసలో 36, ఇలా వరసకు 12 చొప్పున పెరగాలి. మధ్యలో ఖాళీ కోసం గొలుసు కుట్లు వదిలే డిజైన్లలో లెక్క మారుతుంది, చదునుగా పడాలన్న నియమం మాత్రం మారదు. గిన్నెలా లేచినదాన్ని ఇస్త్రీతో అణచవచ్చు కానీ మళ్లీ ఉతికాక మళ్లీ లేస్తుంది. అది అల్లికలోని తప్పు, ఇంట్లో దిద్దుకోలేం.

టేబుల్ క్లాత్ దగ్గర తొందరపడకండి. 36 అంగుళాల చదరపు గుడ్డను 3 అంగుళాల పువ్వులతో చేశారనుకుందాం. నిలువుకు 12, అడ్డానికి 12, మొత్తం 144 పువ్వులు. ఒక్కో పువ్వుకు మొదలు కొస ఒకటి, చివరి కొస ఒకటి, అంటే 288 కొసలు దాచాలి. పువ్వుకూ పువ్వుకూ మధ్య 264 చోట్ల అతుకు పడాలి. పువ్వులు గుండ్రటివైతే నాలుగు పువ్వుల నడుమ మిగిలే ఖాళీల్లో చిన్న పూరకం అల్లుతారు, అవి ఇంకో 121. నరసాపురం వైపు పువ్వులు అల్లేవాళ్లు వేరు, అతుకుపని చేసేవాళ్లు వేరు కావడం మామూలే. దళారి దారం ఇస్తాడు, పువ్వులు పట్టుకెళతాడు, అతుకు ఇంకో ఇంట్లో పడుతుంది.

అసలు పేచీ ఇక్కడే వస్తుంది. ఐదుగురు అల్లిన పువ్వులు ఒకే గుడ్డలో కలిస్తే ఐదు చేతుల బిగువులూ అందులోకి వస్తాయి. ఒకరిది 3 అంగుళాలు, ఇంకొకరిది రెండు గీతలు ఎక్కువ. కొత్తలో అతుకు లాగిపట్టి ఉంచుతుంది. ఉతికాక ఎవరి పువ్వు వాళ్ల కొలతకు వెళ్లిపోతుంది, గుడ్డ అక్కడక్కడా ఉబ్బుతుంది, అంచు వంకర తిరుగుతుంది. ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే నంబరు సూదితో, ఒకరి పువ్వు పక్కన ఒకరిది పెట్టి చూసుకుంటూ అల్లే స్నేహితుల సరుకులో ఈ తేడా బాగా తక్కువ. నేరుగా మహిళా సంఘాల దగ్గర కొంటున్నప్పుడు ‘ఇది ఒకే బృందం అల్లిందా అమ్మా?’ అని అడగడానికి మొహమాటపడకండి. వాళ్లకు తెలుస్తుంది, చెబుతారు. దుకాణంలో అయితే గుడ్డను మూలకు మూల కలిపి నాలుగు మడతలు పెట్టండి. నాలుగు అంచులూ అరంగుళం లోపు తేడాతో కలిస్తే మంచి సరుకే.

కొసల సంగతి. కొసను సూదిలో ఎక్కించి కనీసం అంగుళం మేర కుట్ల లోపలికి పంపి, దిశ మార్చి మళ్లీ వెనక్కి తేవాలి. అప్పుడది ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. ముడి వేసి పక్కనే కత్తిరిస్తే రెండో ఉతుకులోనో మూడో ఉతుకులోనో ముడి జారి పువ్వు నడుము విచ్చుకుంటుంది. ఏదో ఒక పువ్వు నడిమధ్యలో గోటితో మెల్లగా మీటి చూడండి. బొడ్డు దగ్గర దారం కదిలితే ఆ గుడ్డ వదిలేయండి. 144లో ఒకటి కదిలిందంటే మిగతావీ అదే పద్ధతిలో ముగించి ఉంటారు.

దిండు గలీబుల అంచుకు మీటర్ల లెక్కన దొరికే సన్న లేసు చాలా మంచి కొనుగోలు. 17 × 27 అంగుళాల గలీబుకు చుట్టుకొలత 88 అంగుళాలు. మూలకు కనీసం 2 అంగుళాల చొప్పున కుచ్చు వదలకపోతే మూలలు ముడుచుకుపోతాయి, ఉతికాక కాస్త కుదించుకుపోతుంది కూడా. కాబట్టి ఒక్కో గలీబుకు రెండున్నర మీటర్లు తీసుకోండి. కుట్టేముందు లేసునూ గుడ్డనూ రెండింటినీ ఒక రాత్రి మంచినీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. ఇది మానేస్తే లేసు ఒకలా, గుడ్డ ఇంకోలా కుదించుకుని అంచు గుంజుకుపోతుంది. లేసును ఎక్కడపడితే అక్కడ కత్తిరించకూడదు. ఒక వంపు పూర్తయ్యాకే కోసి, కోసిన చోటును వెంటనే పోగుదారంతో చుట్టి కుట్టేయాలి.

బట్టల విషయంలో మాత్రం అంత ధైర్యంగా కొనమని చెప్పలేం. పూర్తి లేసు టాప్ చూడ్డానికి బాగుంటుంది. నూలు దారానికి మాత్రం తిరిగి ముడుచుకునే గుణం లేదు. హ్యాంగరుకు తగిలిస్తే తన బరువుకు తనే సాగి కిందికి దిగుతుంది. మంగళసూత్రం గొలుసు, గాజుల అతుకులు, చిన్నపిల్లల వేళ్లు అన్నీ దానికి చిక్కుకుంటాయి. తప్పదనుకుంటే భుజం కుట్టు లోపల నూలు పట్టీ వేసినదే తీసుకోండి, మడిచి బీరువాలో పెట్టండి. అంతకన్నా లైనింగ్ ఉన్న జాకెట్టు వీపు మీదో, పాప గౌను ఛాతీ దగ్గరో ఒక లేసుముక్క వేయించుకోవడం మేలు. అందమూ ఉంటుంది, కింద గుడ్డ ఆసరా ఉంటుంది కాబట్టి సాగదు.

ధర గురించి. చవకగా దొరికిందని సంబరపడే ముందు గంటలు లెక్కపెట్టండి. అలవాటున్న చేతికి కూడా 6 అంగుళాల మ్యాటు సుమారు గంటన్నర, రెండు గంటల పని. ఆరింటి సెట్టు అంటే ఒకరికి ఒకటిన్నర రోజు కూలి. మీ ఊళ్లో రోజుకూలి ఎంతో మీకు తెలుసు. సెట్టు ధర అంతకన్నా తక్కువైతే అది చేతి లేసు కాకపోవచ్చు, చేతి లేసే అయితే అల్లినావిడకు ఏమీ మిగల్లేదన్నమాటే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు మీద చేసిన అధ్యయనం 1982లో వచ్చింది. ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి వాళ్లను గృహిణులుగానే లెక్కగట్టారనీ, రోజంతా చేసే పనిని తీరిక వేళ వ్యాపకంగా చూశారనీ ఆవిడ చూపించింది. బేరమాడేటప్పుడు అది గుర్తుంటే చాలు.

ఇంటికి తెచ్చాక పని మీది. చల్లనీళ్లలో మెత్తటి సబ్బు కలిపి నానబెట్టి, నొక్కి నొక్కి ఉతకాలి. పిండకూడదు, తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేయాలి. పరుపు మీద పాత దుప్పటి వేసి, ప్రతి వంపు కొసకూ తుప్పు పట్టని గుండుసూది గుచ్చి నీడలో ఆరనివ్వండి. గంజి కావాలంటే బియ్యం గంజి కన్నా సగ్గుబియ్యం గంజి బాగుంటుంది. రెండు కప్పుల నీళ్లలో ఒక పెద్ద చెంచా సగ్గుబియ్యం నానబెట్టి, అద్దంలా అయ్యేదాకా ఉడికించి, పలుచటి గుడ్డలో వడకట్టండి. బియ్యం గంజి చిక్కబడితే రంధ్రాల్లో తెల్లగా పేరుకుంటుంది. దాచిపెట్టే లేసుకు ఏ గంజీ వద్దు, పురుగులు వాసన పడతాయి. ప్లాస్టిక్ కవర్లో పెడితే మడతల వెంట పసుపుచారలు పడతాయి, ఉతికిన పాత నూలుచీర ముక్కలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి.

మన భోజనాల బల్ల మీద తెల్ల లేసుకు పెద్ద గండం పసుపు. సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది, కంగారుపడకండి. బాగా జాడించి, ఈ ఒక్క సందర్భంలో తడిగానే ఎండలో వేయండి, రెండు మూడు ఎండలకు వెలిసిపోతుంది. బ్లీచింగ్ జోలికి వెళితే మరకతోపాటు దారం బలమూ పోతుంది. రోజూ పప్పూ పులుసూ వడ్డించే ఇంట్లో అసలు తెలుపు కన్నా గోధుమరంగుకు దగ్గరగా ఉండే క్రీము రంగు ఎంచుకోవడమే తెలివి. ఎరుపు, నీలం లాంటి ముదురు రంగులైతే తడిపిన తెల్లగుడ్డతో ఒక నిమిషం ఒత్తిపట్టి, రంగు అంటకపోతేనే తీసుకోండి.

ఆన్‌లైన్లో కొంటుంటే వెనకవైపు ఫోటో, స్కేలు పక్కన పెట్టిన ఫోటో అడగండి. ఎక్కడ కొన్నా అదే దారం రెండు మీటర్లు ఇమ్మని అడిగి దాచుకోండి. ఎప్పుడో ఒకప్పుడు గోరో గాజో తగిలి ఒక గొలుసు కుట్టు తెగుతుంది. తెగిన కొసను లాగకండి, లాగితే వరసంతా ఊడుతుంది. విడిపోయిన ఉచ్చులన్నింటిలోంచీ వేరే రంగు దారం దూర్చి కట్టి ఉంచి, దాచిన రెండు మీటర్లతో, అదే లావు సూదితో, పక్క వంపును చూసి అన్నే గొలుసులు లెక్కపెట్టి అల్లండి. కొత్త కొసలు రెండింటినీ పాత కుట్లలోకి అంగుళం పంపాకే ఆ రంగు దారం తీసేయండి.