విశాఖలో పాత సీడీల వేట

రాక్, పోస్ట్ పంక్ (పంక్ తరువాత వచ్చిన రాక్ ధోరణి), బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల బాణీ) సీడీల కోసం విశాఖ వెళ్ళేవారు బస ద్వారకానగర్, డాబాగార్డెన్స్ చుట్టుపక్కల చూసుకోవడం మంచిది. బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గదులు ఉన్నా అద్దె ఎక్కువ, పైగా మన పనంతా జగదాంబ కూడలి వైపే. విజయవాడలో ఉదయం రత్నాచల్ ఎక్కి మధ్యాహ్నానికి చేరాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, అయితే ఫోనులో చెప్పిన అద్దెకూ బిల్లుకూ తేడా వచ్చింది. అడిగితే తగ్గించారు.

మాల్స్‌కు వెళ్ళనవసరం లేదు. అక్కడ ఉన్నవి స్పీకర్లు, హెడ్‌ఫోన్లు మాత్రమే.

అసలు సరుకు జగదాంబ వెనుక సందులో, ఒకప్పటి క్యాసెట్ల దుకాణంలో దొరికింది. ఇప్పుడు ముందు వరుసంతా ఛార్జర్లు, ఫోను కవర్లు. "లోపల అట్టపెట్టెలున్నాయి, తీరిగ్గా చూసుకోండి బాబూ" అని పెద్దాయన స్టూలు వేసి కూర్చోబెట్టారు. నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఉద్యోగులు బదిలీ మీద వెళ్తూ ఇచ్చినవే ఎక్కువట. భక్తిగీతాల మధ్య రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్, బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ సీడీలు కలిసిపోయి ఉన్నాయి. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937లో పాడినవన్నీ చేర్చి 1990లో వెలువరించిన రెండు సీడీల పెట్టె చూడగానే మరి వదల్లేదు. గిటారు, గొంతు తప్ప మరేమీ లేకుండా అంత దుఃఖం పలికించిన మనిషి ఆయన.

పోస్ట్ పంక్ దొరకడమే కష్టం. ఇంగ్లండు బృందం జాయ్ డివిజన్ వారి 'క్లోజర్' ఒక్కటే కనిపించింది. గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మే నెలలో చనిపోయాక, జూలైలో వచ్చిన ఆల్బం అది. వీళ్ళ పాటల్లో చాలాచోట్ల బాస్ గిటారే రాగాన్ని నడిపిస్తుంది. దుకాణంలోని పాత ప్లేయర్‌లో పెట్టి వినిపించమంటే పెద్దాయన ఫ్యాను కూడా ఆపారు. ఒక్కొక్కటి 150 రూపాయలు. ఆ మర్యాదకు నేను బేరమాడలేదు.

కొనేముందు సీడీని దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. సూదిమొనంత వెలుతురు చుక్కలు చాలా కనిపిస్తే పొర దెబ్బతిన్నట్టే. బొమ్మ ఉన్న వైపు గీతలే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వెండిలా మెరిసే పొర ఆ పల్చటి పూత కిందే ఉంటుంది. రెండో వైపున 1.2 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ కాపాడుతుంది కాబట్టి చిన్న గీతలను ప్లేయర్ దాటేస్తుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, అందుకే లోపలి పుస్తకం కాగితాలు అతుక్కున్నాయేమో తెరిచి చూడండి.

మరో పాత పుస్తకాల దుకాణంలో సగం ధరే చెప్పారు కానీ, పెట్టి వినడానికి ఒప్పుకోలేదు. ఆ సీడీ అడుగున ఆకుపచ్చ ఛాయ ఉంది, అంటే ఇంట్లో రాసుకున్న నకలు. ముద్రించిన సీడీ అడుగున మామూలుగా వెండిలా మెరుస్తుంది, నడిమి వలయం చుట్టూ సన్నటి అంకెలుంటాయి. అక్కడ ఏమీ తీసుకోలేదు.

జగదాంబకు శనివారం సాయంత్రం వెళ్ళకండి, సందులో నిలబడే చోటుండదు. పగలు పదకొండు తరువాత వెళ్తే పెద్దాయన ఖాళీగా ఉంటారు. కావలసిన పేర్లు కాగితం మీద రాసిస్తే, కొత్త పెట్టె వచ్చినప్పుడు ఫోను చేస్తారు.