గడ్డం మీద వెంట్రుకలు: నాలుగేళ్లు అన్నీ వాడి చూశాక ఎవరికెన్ని మార్కులు

మన భాషలో చుబుకానికీ, దాని మీద మొలిచేదానికీ ఒకటే మాట: గడ్డం. అందుకే పార్లర్‌లో ఆ మాట నోటికి రాక ‘చిన్, అప్పర్ లిప్’ అని గొణుగుతాం. ఈ సమీక్ష ఆ రెండు చోట్ల గురించే. చేతులూ కాళ్లూ వేరే లెక్క, అక్కడ పద్ధతి కాస్త అటూఇటూ అయినా పెద్దగా పోయేదేమీ లేదు. ముఖం మీద తప్పు పద్ధతి రెండేళ్లు పట్టుకుంటే మాత్రం వెంట్రుకతో పాటు మచ్చ కూడా మిగులుతుంది.

మార్కులు ముందే చెప్పేస్తాను. ముఖానికి వాడే చిన్న రేజర్‌కి పదికి తొమ్మిది. మందులు తోడుంటే క్లినిక్ లేజర్‌కి ఏడు, మందులు లేకపోతే నాలుగు. ఇంట్లో వాడుకునే ఐపీఎల్ లైట్ మెషీన్‌కి ఐదు. త్రెడింగ్‌కి రెండు. ధర ప్రకారం చూస్తే ఈ వరస తలకిందులుగా కనిపిస్తుందని తెలుసు.

వెంట్రుక ఎందుకు ముదురుతుందో తెలియకపోతే ఈ మార్కులు అర్థం కావు. ముఖం మీద అందరికీ ఉండే నూగు మీద ఆండ్రోజెన్ హార్మోన్లు (టెస్టోస్టిరాన్ లాంటి మగ హార్మోన్లు, ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి) పనిచేస్తే అది నల్లగా, లావుగా, బిరుసుగా మారుతుంది. టెస్టోస్టిరాన్‌ని చర్మంలో ఉండే 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డీహెచ్‌టీ అనే ఇంకా ఘాటైన హార్మోన్‌గా మారుస్తుంది. రక్తపరీక్షలో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉన్నవాళ్లకి కూడా గడ్డం మీద వెంట్రుకలు రావడానికి ఇదొక కారణం. ఒకసారి ముదిరిన కుదురు (వెంట్రుక మొలిచే మూలం), హార్మోన్ తగ్గినంత మాత్రాన మళ్లీ నూగైపోదు. అంటే ఉన్నవి రెండు పనులు: ముదిరిపోయినవాటిని వదిలించుకోవడం, మిగతా నూగు ముదరకుండా చూసుకోవడం. లేజర్ మొదటి పని చేస్తుంది, మందు రెండోది చేస్తుంది. ఒక్కటే చేయించుకుని ‘డబ్బులు దండగ’ అనుకునేవాళ్లే ఎక్కువ.

త్రెడింగ్‌కి రెండే ఎందుకంటే, కనుబొమలకి బాగా పనిచేసే దారం గడ్డం దగ్గర తడబడుతుంది. గడ్డం కింద వెంట్రుక బిరుసుగా, వంకరగా, ఒక్కోటి ఒక్కో దిక్కుకి ఉంటుంది. దారం దాన్ని కుదురుతో లాగాల్సింది పోయి చాలాసార్లు చర్మం లోపలే తెంపేస్తుంది. తెగిన మొన లోపలికి వంగి పెరిగి పొక్కు అవుతుంది. ఆ పొక్కుని గోటితోనో ప్లకర్‌తోనో కెలుకుతాం. మన చామనఛాయ చర్మంలో అలా కెలికిన ప్రతి చోటా నల్లమచ్చ పడుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. రెండు వారాలకోసారి త్రెడింగ్ చేయించుకునేవాళ్లకి గడ్డం మొత్తం బూడిదరంగు పట్టీలా కనిపించేది దీనివల్లే. వ్యాక్స్‌దీ ఇదే కథ, పైగా చర్మం పై పొర లేచిపోయే ప్రమాదం అదనం. మొత్తం కలిపి నాలుగైదు వెంట్రుకలే ఉంటే ప్లకర్ చాలు. వేడినీళ్ల గుడ్డ రెండు నిమిషాలు అద్ది, వెంట్రుక ఎటు వాలి ఉందో అటే, మొదలు దగ్గర పట్టుకుని లాగాలి. చర్మం కింద కనిపిస్తున్న దాని జోలికి మాత్రం పోవద్దు.

ఇక రేజర్. ఆడవాళ్లు ముఖం మీద బ్లేడు పెట్టకూడదనీ, గీస్తే మందంగా వస్తాయనీ మనందరికీ అమ్మమ్మల కాలం నుంచీ చెప్పారు. దీన్ని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కొలిచి చూశారు, గీయడం వల్ల మందమూ వేగమూ పెరగవని తేల్చారు. సహజంగా వెంట్రుక చివర సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని అడ్డంగా కోస్తుంది, ఆ మొండి మొన వేలికి గుచ్చుకుంటుంది. అంతే తేడా. పీసీఓడీలో (ఆండ్రోజెన్లు ఎక్కువై నెలసరి తప్పే అండాశయ సమస్య) మాత్రం ఒక తికమక ఉంది. రేజర్ మొదలుపెట్టిన ఏడాదిలోనే హార్మోన్ వల్ల కొత్తవి ముదురుతాయి, నింద రేజర్ మీద పడుతుంది.

వాడే తీరు. రాత్రి పడుకునే ముందు గీసుకోవడం మేలు, చర్మం ఎరుపు తెల్లారేసరికి తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్ల గుడ్డ రెండు మూడు నిమిషాలు అద్దితే వెంట్రుక మెత్తబడుతుంది. ఆ తర్వాత వాసన లేని షేవింగ్ జెల్ పలచగా. మూడు నాలుగు బ్లేడ్ల రేజర్ వద్దు, అది వెంట్రుకని పైకి లాగి చర్మం కిందికి కోస్తుంది, లోపలికి పెరిగేవి అక్కడే మొదలవుతాయి. గార్డు ఉన్న ఒకే బ్లేడు చాలు. ఒక చేత్తో చర్మం సాగదీసి, బ్లేడు ఏటవాలుగా పట్టి, వెంట్రుక వాలిన వైపే చిన్న చిన్న గీతలుగా లాగాలి. దవడ కింద వాలు ఎటుందో కంటికి తెలియదు. వేలితో నిమిరితే ఏ వైపు గరుకు తగలదో అదే వాలు. ఒకే చోట రెండుసార్లకి మించి లాగొద్దు. చన్నీళ్లతో కడిగి మామూలు మాయిశ్చరైజర్ రాస్తే చాలు. ఆ రాత్రి రెటినాల్, శాలిసిలిక్, గ్లైకోలిక్ లాంటివి ముట్టుకోకూడదు, మండుతుంది. బ్లేడు నాలుగైదు వాడకాలకి మార్చాలి. బాత్రూమ్ తడిలో వదిలేస్తే అంతకుముందే పాడవుతుంది, తుడిచి బీరువాలో పెట్టుకోండి.

ఒక మార్కు తగ్గించింది నీడ వల్ల. గీశాక కూడా లావు వెంట్రుకల మొదళ్లు చర్మం కింద నీలి నలుపుగా కనిపిస్తాయి, రేజర్ వాటిని ఏమీ చేయలేదు. పొక్కులు ఎక్కువగా వచ్చేవాళ్లు రేజర్ బదులు బ్యాటరీ ట్రిమ్మర్ వాడితే నయం. కాస్త మొన మిగులుస్తుంది కానీ లోపలికి పెరగనివ్వదు. వెంట్రుకలు పోగొట్టే క్రీముల్లో ఉండే థయోగ్లైకోలేట్ అనే రసాయనం గడ్డం మీద త్వరగా మంటపెడుతుంది. ముఖానికని రాసి ఉన్న రకమే అయినా చెవి కింద రాసి 24 గంటలు చూడకుండా వాడొద్దు.

ఐపీఎల్ మెషీన్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెట్టెలో ఉండే కాగితం చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. ఇది లేజర్ కాదు. లేజర్‌లో ఒకే తరంగదైర్ఘ్యం ఉంటుంది, ఇందులో చాలా తరంగాలు కలిసిన కాంతి. నలుపు ఎక్కడుంటే అక్కడ ఆ కాంతి వేడిగా మారుతుంది. వెంట్రుక నల్లగా, చర్మం తేలికరంగులో ఉంటే వేడి కుదురుకి పోతుంది. చర్మమూ నల్లగా ఉంటే వేడి చర్మానికే తగులుతుంది. అందుకే మెషీన్‌లో చర్మపు రంగు చూసే సెన్సార్ ఉంటుంది, రంగు ముదురైతే ఫ్లాష్ కొట్టదు. మనవాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. ముంజేతి మీద చక్కగా పనిచేసిన మెషీన్, ఏళ్ల తరబడి త్రెడింగ్‌తో నల్లబడిన గడ్డం మీదకి రాగానే మొండికేస్తుంది. వెంట్రుకలు ఎక్కడ ఉన్నాయో సరిగ్గా అక్కడే. కొందరు సెన్సార్‌ని తెల్లగా ఉన్న చోట ఆనించి ‘ఓకే’ అనిపించుకుని, వెంటనే గడ్డం మీదకి జరుపుతారు. మెషీన్‌లో కాంతి బయటికొచ్చే గాజు కిటికీ ఆకారంలో కాలిన మచ్చలు అలా వచ్చేవే. మెషీన్ వద్దంటే వద్దనే. ముందు మూడు నాలుగు నెలలు త్రెడింగ్ మానేసి, ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకుంటూ మచ్చలు తగ్గనిచ్చి, అప్పుడు మళ్లీ చూడాలి.

ఫ్లాష్ కొడుతుందంటే పద్ధతి ఇది. అదే రోజు గీసుకోవాలి. వెంట్రుక పైకి ఉంటే ఆ పైభాగమే కాలి చర్మాన్ని కాలుస్తుంది. లాగడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కుదురులో వెంట్రుక లేకపోతే కాంతికి పట్టుకోవడానికి నలుపే ఉండదు. పౌడరు, కాటుక, సెంటు అన్నీ కడిగేసి, పూర్తిగా ఆరాక, అతి తక్కువ స్థాయిలో ఒక్క ఫ్లాష్ కొట్టి 24 గంటలు ఆగాలి. ఏమీ కాకపోతే ముందుకి. పుట్టుమచ్చల్ని తెల్ల ఐలైనర్ పెన్సిల్‌తో కప్పి, వాటి పక్కనుంచే పోవాలి. పెదవి పైన చేసేటప్పుడు నాలుకని లోపలి నుంచి ఒత్తిపెడితే చర్మం బల్లపరుపుగా వస్తుంది. దవడ ఎముక మీద కిటికీ పూర్తిగా ఆనదు, చర్మాన్ని బుగ్గ మీదికి లాగి పట్టుకోవాలి. ఒక చోట ఒకే ఫ్లాష్. కాలిన వెంట్రుకల మసి గాజు మీద అంటుకుంటుంది, అది అలాగే ఉంటే తర్వాతి ఫ్లాష్‌కి చుక్కలు చుక్కలుగా కాలుతుంది. నాలుగైదు ఫ్లాష్‌లకోసారి మెత్తని పొడిగుడ్డతో తుడవండి. చెంపల పైభాగం, కళ్ల చుట్టూ అసలు వద్దు.

మొదటి రెండు మూడు నెలలు రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి. ఫలితం: పెదవి పైన సగానికి పైగా తగ్గింది, గడ్డం మీద మధ్యలో పలచబడింది, దవడ కింద దాదాపు మార్పు లేదు. రెండు నెలలు మానేస్తే మళ్లీ మొలిచాయి. ఐదు మార్కులు అందుకే.

క్లినిక్‌కి వెళ్తే మొదటి ప్రశ్న ఆఫర్ ఎంత అని కాదు, మెషీన్ ఏది అని అడగాలి. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లని చర్మానికి బాగుంటుంది. మన రంగుకి 810 ప్రాంతపు డయోడ్, ఇంకా ముదురు రంగుకి 1064 ఎన్‌డీ యాగ్ క్షేమం, ఎందుకంటే తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఆ కాంతిని తక్కువగా పట్టుకుంటుంది. రెండో ప్రశ్న, టెస్ట్ ప్యాచ్ వేస్తారా. మూడోది, కాంతి శక్తి ఎన్ని జౌల్స్‌లో పెట్టారో ప్రతిసారీ కార్డు మీద రాసిస్తారా. రాయించుకుంటే వేరే చోటికి మారినా పనికొస్తుంది. సిట్టింగుకీ సిట్టింగుకీ నాలుగు నుంచి ఆరు వారాలు. ‘ఆరు సిట్టింగుల్లో శాశ్వతం’ అనే ప్యాకేజీని పీసీఓడీ ఉన్నవాళ్లు నమ్మక్కర్లేదు. ఎనిమిదీ పదీ అయ్యాక కూడా కొన్ని నెలలకోసారి టచప్ ఉంటుంది. మెడ వెనక నల్లగా, మఖమల్‌లా ముదిరిన చర్మం ఉన్నవాళ్లకి (ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు వచ్చేది) ఆ చోట లేజర్ త్వరగా కాలుస్తుంది, ముందే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక: బుగ్గల మీద, చెవుల ముందు ఉన్న సన్నని నూగుకి లేజర్ గానీ ఐపీఎల్ గానీ చేయించకండి. తక్కువ వేడి తగిలిన నూగు చావకపోగా, రెచ్చి లావుగా మొలిచే అవకాశం ఉంది. ముదురు రంగు చర్మంలో, పీసీఓడీలో, అందులోనూ ముఖం మెడ మీద ఇది ఎక్కువ. ‘ఎలాగూ వచ్చారు కదా, ఫుల్ ఫేస్ చేసేద్దాం’ అంటే వద్దని లేవండి.

మందులు డాక్టర్ చేతిలోనివి, అయినా ఏది ఏం చేస్తుందో తెలిసి వెళ్లడం మంచిది. సాధారణంగా మొదట ఇచ్చేది గర్భనిరోధక మాత్ర. అది రక్తంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ని పెంచి, విడిగా తిరిగే టెస్టోస్టిరాన్‌ని కట్టేస్తుంది. సిగరెట్ అలవాటు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, ఇంట్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అడక్కముందే చెప్పాలి. ఆరు నెలల తర్వాత చాలకపోతే ఆండ్రోజెన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ కలుపుతారు, మామూలుగా రోజుకి 50 నుంచి 200 మి.గ్రా. మధ్య. మూత్రం ఎక్కువవుతుంది, ఎండాకాలం లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. పొటాషియం పెంచే బీపీ మందులతో కలిపి వాడటం ప్రమాదం. కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదల దెబ్బతినవచ్చు కాబట్టి గర్భం రాకుండా గట్టి ఏర్పాటు లేనిదే ఇది మొదలుపెట్టకూడదు. మెట్‌ఫార్మిన్ నెలసరికీ షుగర్‌కీ పనికొస్తుంది, వెంట్రుకలకి దాని వల్ల పెద్ద తేడా రాదు. ఏ మందైనా ఆరు నెలల లోపు తీర్పు చెప్పడం అన్యాయం. కుదురు తన చక్రం పూర్తిచేసి కొత్త వెంట్రుక వేసేదాకా తేడా కనపడదు. మొదటి రోజు, తర్వాత నెలకోసారి, అదే కిటికీ దగ్గర, గీసిన మూడో రోజు ఫోటో తీసి పెట్టుకోండి. అద్దం రోజూ చూసేవాళ్లకి తేడా తెలియదు.

ఎఫ్లార్నిథిన్ 13.9 శాతం క్రీము వెంట్రుకని తీయదు, ఎదుగుదలని నెమ్మది చేస్తుంది. రోజుకి రెండుసార్లు, కనీసం ఎనిమిది గంటల తేడాతో రాసి, నాలుగు గంటలు కడగకూడదు. రెండు నెలలకి రోజూ గీసుకునేది మూడు రోజులకోసారి అయింది. ఆపేశాక రెండు నెలల్లో మళ్లీ మొదటికే. లేజర్ సిట్టింగుల మధ్య వాడితే దానికి తగ్గ విలువ ఉంది, ఒంటరిగా అయితే చివరికి మిగిలేది ట్యూబుల ఖర్చే.

సున్నిపిండి నలుగు పెడితే నూగు కొంత రాలుతుంది, బిరుసు వెంట్రుక కదలదు, గట్టిగా రుద్దితే గడ్డం నల్లబడుతుంది. పుదీనా టీ హాయిగా ఉంటుంది, అంతే. కానీ ఆ మచ్చలు పోవడానికని మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్లబరిచే ట్యూబు విషయంలో జాగ్రత్త. వెనక బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ అని ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, ముఖం మీద వెంట్రుకలు ఇంకా పెరుగుతాయి.

పైవన్నీ ఏళ్ల మీద నెమ్మదిగా పెరిగినవాళ్లకి. కొన్ని నెలల్లోనే హఠాత్తుగా దట్టంగా వచ్చినా, గొంతు మగగొంతులా మారుతున్నా, నడినెత్తి పలచబడుతున్నా పార్లరూ క్లినిక్కూ పక్కన పెట్టి ఎండోక్రినాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టర్‌ని) చూడాలి. టెస్టోస్టిరాన్, డీహెచ్‌ఈఏఎస్, 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు రాస్తారు. అండాశయం లేదా అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉందేమో, పుట్టుకతో వచ్చిన అడ్రినల్ లోపమేమో వీటితో మొదట తెలుస్తుంది.

ముప్ఫైల చివర్లో ఉండి ‘లేజర్ తర్వాత చూద్దాంలే’ అనుకుంటున్నవాళ్లకి ఒక మాట. గడ్డం మీద వెంట్రుకలు కూడా నెరుస్తాయి. తెల్ల వెంట్రుకలో నలుపు లేదు కాబట్టి లేజర్‌కీ ఐపీఎల్‌కీ అది కనిపించదు. అప్పుడు మిగిలేది సూదితో ఒక్కో కుదురునీ కరెంటుతో చంపే ఎలక్ట్రాలిసిస్. 1875లో కంటిలోకి మొలిచే రెప్పవెంట్రుకల కోసం మొదలైన పద్ధతి ఇది. రంగుతో పనిలేదు, కానీ ఒక్కో వెంట్రుకకీ విడిగా సూది కాబట్టి గంటల తరబడి కూర్చోవాలి, బాగా చేసేవాళ్లు మన ఊళ్లలో అంత తేలిగ్గా దొరకరు. దొరకనిచోట మళ్లీ ఆ ఒంటి బ్లేడు రేజరే.