వంటగది లేని ఇంటికి పాల గిన్నె: జర్మనీలో అద్దె ఇల్లు చూసిపెట్టే సేవపై నా అభిప్రాయం

మా అమ్మాయి నర్సు. జనవరిలో ఆమదాలవలసలో రైలెక్కించి జర్మనీకి సాగనంపాం. లైప్‌జిగ్‌లో ఉద్యోగం. అక్కడ ఇల్లు చూసిపెట్టే పనిని శ్రీకాకుళంలోని ఒక సంస్థకు 40 వేలు కట్టి అప్పజెప్పాం.

అద్దె 390 యూరోలని కాగితం మీద రాసిచ్చారు. తీరా చూస్తే అది ‘కాల్ట్‌మీటే’, అంటే ఉత్త గోడలకు అద్దె. గది వెచ్చగా ఉంచే హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపితే వచ్చేది ‘వార్మ్‌మీటే’. అది 515 యూరోలు. కరెంటు మళ్లీ వేరు. ఈ తేడా మా దగ్గర డబ్బు తీసుకున్న రోజే చెప్పాల్సింది.

కొత్త ఇంట్లో పాలు పొంగించుకోమని బుడితిలో కొన్న చిన్న ఇత్తడి గిన్నె పెట్టెలో సర్ది పంపాను. దిగిన రోజు వీడియో కాల్‌లో వంటగది చూపించింది. పొయ్యి లేదు, గట్టు లేదు, సింకు కూడా లేదు. మూతలు బిగించిన రెండు గొట్టాలు గోడలోంచి బయటికి వచ్చి ఉన్నాయి. అక్కడ చాలా అద్దె ఇళ్లు ఇలాగే ఉంటాయట. ఖాళీ చేసేవాళ్లు సింకు, అలమరాలతో సహా విప్పి పట్టుకుపోతారు. సంస్థవాళ్లను అడిగితే “అక్కడ అంతేనమ్మా” అన్నారు. ఆ మాట ముందే చెప్పలేదేం బాబూ అన్నాను. జవాబు లేదు.

తొమ్మిది రోజులు పిల్ల స్నానాలగదిలో గిన్నెలు కడుక్కుంది. పదో రోజున తోటి మలయాళీ నర్సు కాయిల్ పొయ్యి ఒకటి ఇచ్చింది. ఇండక్షన్ అయితే ఇత్తడి వేడెక్కేది కాదు. పాలు పొంగి గిన్నె అంచు దాటుతుంటే ఇక్కడ ఫోను ముందు కూర్చుని దండం పెట్టుకున్నాను.

అడ్వాన్సు 1,170 యూరోలు ఒకేసారి కట్టించారు. జర్మనీ చట్టం ప్రకారం అది మూడు నెలల కాల్ట్‌మీటే దాటకూడదు, మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కూ ఉంది. మొదటి జీతం రాకముందు ఆ వెసులుబాటు మాకెంతో అక్కరకొచ్చేది.

ఒక పని మాత్రం మనసుపెట్టి చేశారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా అక్కడి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అది తాళాలతోపాటే చేతికి అందింది. నమోదుకు తోడుగా ఒక తెలుగు అబ్బాయిని కూడా పంపారు. ఆ బాబు చల్లగా ఉండాలి.

ఐదుకు రెండున్నర వేస్తున్నాను. మొత్తం అద్దె ఎంత, వంటగదిలో ఏముంది, అడ్వాన్సు వాయిదాలెలా అన్నవి ఇకపై కాగితంలోనే రాసివ్వమని అడిగాను. సరేనన్నారు. వచ్చే నెల మా పక్కింటి అమ్మాయి వెళ్తోంది. ఆమెకిచ్చే కాగితం చూశాక మిగతా మార్కుల సంగతి చెబుతాను.