కోప్ ఫ్లోచార్టులు: రెండేళ్లు వాడాక నా మాట

నేనొక జీవశాస్త్ర జర్నల్‌లో అసోసియేట్ ఎడిటర్‌ని. కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్, అంటే మేమంతా కోప్ అనే సంస్థ, పేపర్లలో తప్పు జరిగిందని అనుమానం వస్తే ఏం చేయాలో మెట్టుమెట్టుగా చెప్పేలా ఎడిటర్ల కోసం తయారుచేసిన ఫ్లోచార్టులను రెండేళ్లుగా వాడుతున్నాను. 1997లో బ్రిటన్‌లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు కలిసి మొదలుపెట్టిన సంస్థ అది. ఫ్లోచార్టులు వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, సభ్యత్వం అక్కర్లేదు.

వీటి అవసరం మొదట పడిన రోజు నాకింకా గుర్తుంది. ఒక పేపర్‌ని రివ్యూకి పంపితే, రివ్యూయర్ గారు ఎడిటర్‌కి మాత్రమే కనిపించే చోట ఒక్క వాక్యం రాశారు: "ఫిగర్ 2, ఫిగర్ 4 పక్కపక్కన పెట్టి చూడండి." పెట్టి చూశాను. రెండూ వెస్టర్న్ బ్లాట్ బొమ్మలే, అంటే ప్రోటీన్లను పట్టీలుగా చూపించే పరీక్ష బొమ్మలు. ఒకదాని వెలుతురు కాస్త తగ్గించి పెద్దది చేస్తే, మూడో పట్టీ అంచున చిన్న మచ్చ రెండింట్లోనూ సరిగ్గా ఒకే చోట కనిపించింది. రెండు వేర్వేరు ప్రోటీన్లని చెప్పిన చోట ఒకటే బొమ్మ. నాకు గుండె ఝల్లుమంది.

రిజెక్ట్ చేసేస్తే టెన్షన్ వదిలిపోతుందనుకున్నాను. మా చీఫ్ ఎడిటర్ గారూ అదే అన్నారు. కానీ ఫ్లోచార్ట్ అలా చెప్పదు. ముందు రచయితను వివరణ అడగమంటుంది, అసలు డేటా పంపమని కోరమంటుంది, అదీ నింద వేయకుండా. జవాబు రాకపోయినా, వచ్చింది నమ్మేలా లేకపోయినా అతను పనిచేసే సంస్థకు రాయమంటుంది. నిజమే కదా, మేం రిజెక్ట్ చేసి చేతులు దులుపుకుంటే అదే పేపర్ అదే బొమ్మతో మర్నాడే ఇంకో జర్నల్ గుమ్మం ఎక్కుతుంది. అడిగిన మూడో రోజే అసలు స్కాన్లు తేదీలతో సహా వచ్చాయి. ఫైల్ పొరపాటున మారింది, అంతే. అడక్కుండా రిజెక్ట్ చేసి ఉంటే ఒక నిజాయితీపరుణ్ణి దొంగ కింద జమకట్టి ఉండేవాణ్ణి.

అందుకే కొత్తగా ఎడిటర్ అయినవాళ్లు కనీసం బొమ్మల మార్పులు, రచయితల పేర్ల తగాదాల మీద ఉన్న చార్టులైనా చదవాలని నా గట్టి అభిప్రాయం.

లోటు ఒకటుంది. కోప్‌కి పరిశోధనలో నిజానిజాలు తేల్చే అధికారం లేదు. ఫిర్యాదు చేసినా, సభ్య జర్నల్ పద్ధతి ప్రకారం నడుచుకుందా అన్నది మాత్రమే చూస్తుంది. రచయిత సంస్థ మాట్లాడకపోతే చార్ట్ దగ్గర ఉన్న సలహా, మళ్లీ మళ్లీ గుర్తు చేయమని. ఆలస్యం ఊరికే పోదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎమ్‌ఎమ్‌ఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ని లాన్సెట్ అనే వైద్య జర్నల్ పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. ఈలోగా ఎందరో తల్లిదండ్రులు టీకాకి భయపడ్డారు. అదే లాన్సెట్ 2020లో కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడకం మీద వచ్చిన పేపర్‌ని రెండు వారాల్లోపే వెనక్కి తీసుకుంది. తలుచుకుంటే అంత వేగంగానూ చేయొచ్చు.

నా దగ్గర ఇలాంటిదే ఒక కేసు పద్నాలుగు నెలలుగా నలుగుతోంది, ఇప్పటికే అచ్చయిన పేపర్ మీద. ఆ రచయిత సంస్థకు నాలుగో ఉత్తరం నిన్ననే పంపాను. పోయిన నెల ఎవరో ఆ పేపర్‌ని మళ్లీ తమ పేపర్లో ఉదహరించారు. ఆ పేపర్ మీద సందేహాలున్నాయని పాఠకులను హెచ్చరించే నోటీసు రాసి పెట్టాను, సోమవారం చీఫ్ ఎడిటర్ గారి ముందు పెడతాను.